నచ్చడం వేరు, నప్పడం వేరు: డిజైన్‌లో మన టేస్టుకు ఎంత చోటివ్వాలి?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో చెబుతాను. జడ్చర్ల దగ్గర ఎయిర్ కూలర్లు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో చేరి ఎనిమిది నెలలైన డిజైనర్ అడిగారు. ఆయన ముదురు బూడిద రంగులో, మెరుపు లేని కోటింగుతో, ముందు భాగంలో ఏ అలంకారమూ లేని కూలర్ ఒకటి గీశారు. సేటు చూసి "పువ్వుల స్టిక్కరేది? బంగారు పట్టీ ఏది?" అన్నారట. "జర్మన్ డిజైనర్ డీటర్ రామ్స్ సూత్రాలు చదువుకుని వచ్చినవాణ్ణి, ఇప్పుడు పువ్వులు అతికించాలా? అసలు ప్రొడక్ట్ డిజైన్‌లో అందానికి ఎంత చోటు, నా సొంత టేస్టుకు ఎంత చోటు? కొనేవాళ్లకు నచ్చిందే చేయాలంటే ఇక డిజైనర్ ఎందుకు?" ఇదీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, అందానికి మీరు అనుకుంటున్నదాని కన్నా ఎక్కువ చోటుంది. మీ టేస్టుకు మీరు అనుకుంటున్నదాని కన్నా తక్కువ చోటుంది. మీకు నచ్చడం ఒకటి, ఆ వస్తువు వెళ్లే ఇంటికి, వాడే చేతికి నప్పడం ఇంకొకటి. మనకు జీతమిచ్చేది నప్పేదాన్ని వెతకడానికి. ఈ గొడవలో సేటుదీ తప్పే, మీదీ తప్పే. ఆయన తనకు నచ్చింది చెప్పారు, మీరు మీకు నచ్చింది గీశారు. కూలర్ కొనుక్కుని ఇంట్లో పెట్టుకునే మనిషి ఇద్దరి మాటల్లోనూ ఎక్కడా లేడు.

నేను 26 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి పదేళ్లు నల్లగొండలో ఒక ఐరన్ ఫర్నిచర్ యూనిట్లో పనిచేశాను: బీరువాలు, కూలర్లు, ర్యాకులు, స్కూలు బల్లలు. షీటు కటింగు దగ్గర మొదలై డ్రాయింగు బల్ల దాకా వచ్చాను. తర్వాత చౌటుప్పల్ వైపు చేనేతవాళ్లతో కలిసి దుప్పట్లు, కర్టెన్లు, కుషన్ కవర్లకు డిజైన్లు చేస్తున్నాను. ఇనుప పని వస్తే ఇప్పటికీ వదలను. కాబట్టి నా మాటలన్నీ ఇనుముకూ నూలుకూ మధ్యే తిరుగుతాయి. ఫోన్ యాప్‌లు చేసేవాళ్లు తమకు కావలసింది ఏరుకోండి.

నా మొదటి దెబ్బ బీరువా. అప్పట్లో మా యూనిట్లో ప్రతి బీరువా తలుపు మీద స్ప్రేతో ఒక నెమలి, కాకపోతే రెండు హంసలు, నిలువుటద్దం, బంగారు రంగు హ్యాండిల్ ఉండేవి. నాకు ఆ నెమళ్లంటే ఒళ్లు మంట. సేటును బతిమాలి ఒక్కటి వేరేగా చేయించాను. లేత బూడిద రంగు, అద్దం తలుపు లోపలివైపు, హ్యాండిల్ రేకులోకి దిగిపోయి ఉంటుంది. దాని కొలతలు ఈ రోజుకీ నాకు నచ్చుతాయి. షాపులో పెట్టిన నాలుగో రోజు మునుగోడు నుంచి ఒకావిడ కూతురి పెండ్లి సామాను కొనడానికి వచ్చింది. దాని చుట్టూ ఒకసారి తిరిగింది, తలుపు తీసి వేసి చూసింది. తర్వాత నాతో అంది: "పనితనం మంచిగనే ఉంది బిడ్డా. గని పెండ్లికిచ్చే బీరువా తాసిల్దారు ఆఫీసు బీరువా లెక్క ఉండాల్నా?"

నా దగ్గర జవాబు లేదు. గమనించండి, ఆమె నెమలి బాగుంటుందని అనలేదు. ఆ బీరువా ట్రాక్టరు మీద, ఊరంతా చూస్తుండగా, పిల్లతోపాటు అత్తగారింటికి పోతుంది. కొత్త ఇంట్లో ఆ పిల్ల తనదని తాళం వేసుకునే చోటు బహుశా అదొక్కటే. బూడిద రంగు ఇనుప బీరువాను చూస్తే మన కళ్లకు గుర్తొచ్చేది ఫైళ్లు, పట్టుచీరలు కాదు. చివరికి దాన్ని ఆరు నెలల తర్వాత ఒక ప్రైవేటు ఆఫీసువాళ్లు తీసుకున్నారు. ఫైళ్లు పెట్టుకోవడానికే.

అలంకరణ కూడా ఒక పని చేస్తుంది. ఏం చేస్తుందో కనుక్కోకుండా దాన్ని పీకేస్తే ఆ పని అలాగే మిగిలిపోతుంది. ఆ తర్వాత నేను నెమలిని తీసేశాను, నిజమే. కానీ దాని బదులు మంచి మెరూన్ రంగు వేయించి, అద్దం చుట్టూ సన్నటి ఇత్తడి రంగు అంచు పెట్టాను. పెండ్లి కళ పోలేదు, అవి బాగానే అమ్ముడుపోయాయి. అక్కడ నా టేస్టు పనికొచ్చింది, కాకపోతే ఆవిడ మాట విన్నాక.

ఇప్పుడు మీ కూలర్. ముదురు రంగు, మెరుపు లేని కోటింగు అన్నారు. ఆ సరదా నేనూ తీర్చుకున్నాను. ఒక ఎండాకాలానికి ముప్పై పీసులు దాదాపు నలుపు రంగులో చేయించాను. షాపులో నిలబెడితే పక్కనున్నవన్నీ వెలవెలబోయాయి. జూన్‌లో సర్వీసుకు వచ్చినవాటిని చూస్తే నాకు ఏడుపొచ్చింది. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా. ఫ్లోరైడు వల్ల నల్లగొండ పేరు ఎంత దూరం పోయిందంటే, పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరు. ఫ్లోరైడు కంటికి కనపడదు. దాంతోపాటు ఉండే ఉప్పులు కనపడతాయి. కూలర్ చేసే పనే నీళ్లను ఆవిరి చేయడం. ఆవిరైన చోటల్లా తెల్లటి పొర మిగులుతుంది. గడ్డి ప్యాడ్ల అంచుల నుంచి కారిన నీళ్లు ఆ నల్లటి రేకు మీద తెల్ల చారలు గీశాయి. మెరుపు లేని పూత కాస్త గరుకుగా ఉంటుంది కాబట్టి ఉప్పు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఒకాయన గీకి చూశాడట, ఉప్పుతోపాటు కోటింగూ వచ్చింది.

అదే షాపులో ఏళ్ల తరబడి చేస్తున్న ఐవరీ రంగు కూలర్ల మీదా అంతే ఉప్పు ఉంది, కనపడదంతే. నేను ముసలి రంగని వెక్కిరించిన రంగు అది.

కాబట్టి మీ బొమ్మను షోరూంలో పెట్టినట్టు కాకుండా, మూడో ఎండాకాలంలో, మిద్దె మీద ప్లాస్టిక్ పట్టా కప్పి దాచి మళ్లీ కిందికి దించినప్పుడు ఎలా ఉంటుందో గీయండి. సేటుగారి స్టిక్కరుకూ ఇదే పరీక్ష. తడికి, ఎండకు మొదట దాని మూలలే లేస్తాయి. సగం ఊడిన పువ్వు కన్నా అసలు పువ్వు లేకపోవడమే నయమని ఆయనకు పాత కూలర్ ఒకటి చూపించి చెప్పండి. రామ్స్ పేరు చెప్పకండి.

అన్నట్టు, రామ్స్ గురించి ఒక మాట. ఆయన పది సూత్రాల్లో మంచి డిజైన్ అందంగా ఉంటుందన్నదీ ఒకటి. వీలైనంత తక్కువ డిజైన్ చేయమన్నది చివరిది. మనవాళ్లు చివరిదాన్ని పట్టుకుని, తెల్లగా బోసిగా ఉంటే రామ్స్ అనుకుంటారు. 1956లో బ్రౌన్ కంపెనీకి ఆయన, హాన్స్ గూగెలోట్ కలిసి చేసిన రేడియో-గ్రామఫోన్‌కు పైన పారదర్శకమైన మూత ఉంటుంది. ఆ మూత చూసి ఎంత అందమో అని ఎన్నో కంపెనీలు తర్వాత అలాగే చేశాయి. రేకు మూత పెడితే పాట వచ్చేటప్పుడు అదిరి శబ్దం చేస్తుందనే దాన్ని అక్రిలిక్‌తో చేశారు. మీరు ఆయన రంగు తెచ్చుకున్నారు, ఆయన అడిగిన ప్రశ్న తెచ్చుకోలేదు. కాస్త కటువుగా అన్నానేమో, ఏమనుకోకండి. మీ వయసులో నేను రంగు కూడా సరిగ్గా తెచ్చుకోలేదు.

అయితే అందం పనికి తోక మాత్రమేనా? కానే కాదు. 1995లో జపాన్‌లో హిటాచీ డిజైన్ సెంటర్‌కు చెందిన కురోసు, కషిమురా అనే ఇద్దరు ఏటీఎం బటన్ల అమరికలు 26 రకాలుగా గీసి 252 మందికి చూపించారు. చూడటానికి అందంగా ఉన్నవే వాడటానికి సులువుగా ఉంటాయని జనం అనుకున్నారు. నిజంగా సులువుగా ఉండేలా చేసే అంశాలతో ఆ అభిప్రాయానికి ఉన్న సంబంధం అంతకన్నా చాలా తక్కువ. జపాన్‌వాళ్లకు అందం పిచ్చి కాబట్టి అలా వచ్చిందేమోనని ఇజ్రాయెల్‌లో ట్రాక్టిన్‌స్కీ అనే పరిశోధకుడు అదే ప్రయోగం మళ్లీ చేసి 1997లో ఫలితాలు ప్రకటించారు. అక్కడ ఆ సంబంధం ఇంకా గట్టిగా కనిపించింది.

నాకు ఆ పరిశోధన గురించి తెలియకముందే కూలర్ జాలీ దగ్గర ఇది అనుభవమైంది. అదే మోటారు, అదే ఫ్యాను. ముందు పట్టీలు ఎగుడుదిగుడు లేకుండా సమానమైన ఖాళీలతో పెట్టిన పీసు దగ్గర నిలబడి "దీనికి గాలి ఎక్కువొస్తుంది" అన్నవాళ్లను ఎంతమందినో చూశాను. ఇది మన చేతిలో ఉన్న పెద్ద బలం, మోసం చేయడానికీ పనికొస్తుంది. ఆ పరిశోధన చెప్పింది కూడా వాడకముందు కలిగే అభిప్రాయం గురించే. వాడటం మొదలయ్యాక పంపు వారానికోసారి ఆగిపోతుంటే ఆ అందాన్ని చూసి ఇంకా ఎక్కువ తిట్టుకుంటారు.

అందం, పని విడివిడిగా ఉంటాయన్న ఆలోచనే మనది కాదు. అమెరికా డిజైనర్లు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టడానికి ఆధారం అదే. దేశమంతా తిరిగిన వాళ్లిద్దరూ ఆ నివేదికలో అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకున్న వస్తువు మన చెంబు. ఎంత నీళ్లు పట్టాలి, నిండినప్పుడు ఎలా నిలబడాలి, వంచితే ధార ఎలా పడాలి, లోపల తోమడానికి చెయ్యి పడుతుందా, తడితే మోగే శబ్దం ఎలా ఉంది, ఎండ పడితే ఎలా మెరుస్తుంది, ధర ఎంత, అన్నీ ఒకే వరసలో అడుగుతూ పోయారు. ఆ వరసలో ఎక్కడ పని అయిపోయి ఎక్కడ అందం మొదలైందో చెప్పలేం. దాన్ని ఏ ఒక్కరూ కూర్చుని గీయలేదు, తరాలు గీశాయి. మీ పాలమూరువైపే గద్వాల చీర తీసుకోండి. ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు. మన ఎండకు ఒంటికి హాయి, నలుగురిలోకి వెళ్తే నిండుతనం. రెండు రకాల దారాలను కలిపి నేయడం మగ్గం మీద తేలిక పని కాదు, అయినా అలాగే చేస్తారు. నప్పడమంటే నాకు వెంటనే గుర్తొచ్చే వస్తువు అదే.

నా టేస్టుకు రెండో చదువు చేనేతలో దొరికింది. ఇక్కత్‌ను మా దగ్గర చిట్కీ అంటారు. నేసే ముందే దారాన్ని డిజైన్ ప్రకారం అక్కడక్కడా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. కట్టడానికి సైకిల్ ట్యూబును సన్నగా చీల్చిన రబ్బరు పట్టీలు వాడతారు. కొత్తలో నేను కంప్యూటర్ మీద ఏడు రంగులతో ఒక కుషన్ కవర్ గీసి, ప్రింటు తీసుకుని కొయ్యలగూడెం వెళ్లాను. ఒక పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు: "సార్, ఒక్క రంగంటే మీకు ఒక నొక్కుడు. మాకు ఒక కట్టుడు, ఒక అద్దుడు, ఒక ఎండబెట్టుడు."

ఏడు మూడయ్యాయి. డిజైన్ బాగుపడింది కూడా. మూడు రంగుల్లో నిలబడని అమరికను ఏడు రంగులు నిలబెట్టవు, దాని తప్పులను కప్పిపెడతాయి. పుట్టపాకలో నేసే తేలియా రుమాల్ చూడండి. నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టిన దారంతో ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడింటితోనే దాని ప్రపంచమంతా. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకో సంగతి, ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు వెళ్లేవి. అక్కడి కొనుగోలుదార్ల కోసం గడియారాలు, విమానాలు కూడా నేశారు. మన సంప్రదాయం అనుకుని మనం మురిసిపోయే వస్తువులోనే బయటివాళ్ల టేస్టు ఉంది. నేతగాళ్లు విమానాన్ని నేశారు, కానీ తమ మూడు రంగుల్లో, తమ చదరాల లెక్కలోనే నేశారు. మీ సేటుతో మాట్లాడేటప్పుడు ఈ పద్ధతి గుర్తుంచుకోండి.

ఒక మట్టిరంగు దుప్పటి సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్‌లో పెడితే రెండు రోజుల్లో అయిపోయింది. ఆ ఉత్సాహంతో చౌటుప్పల్‌లో ఒక షాపుకు ఇరవై ఇచ్చాను, పద్దెనిమిది వెనక్కి వచ్చాయి. నేసిన ఇంటి ఆవిడే కారణం చెప్పింది: "ఉతికినంక గూడ మాసినట్టే కొడతదన్నా." ఆమె ఇంట్లోనే పరిచి చూశాను. ఆకుపచ్చ గోడలు, ట్యూబ్‌లైటు. ఆ వెలుతురులో నా మట్టిరంగు నిజంగానే మురికిగా కొట్టింది. ఎగ్జిబిషన్‌లో పసుపు వెలుగు దీపాలు ఉంటాయి, తెల్ల గోడలు ఉంటాయి. అప్పటి నుంచి ఏ శాంపిల్ అయినా మూడు ఇళ్లలో రాత్రిపూట పరిచి చూడకుండా ఆర్డరు ఇవ్వను. ఇంట్లోవాళ్లను "నచ్చిందా?" అని అడగను. అడిగితే మొహమాటానికి నచ్చిందనే అంటారు. "దీన్ని ఏ గదిలో పెడతారు? ఎవరొచ్చినప్పుడు తీస్తారు?" అని అడుగుతాను. జవాబు వెంటనే వస్తే నప్పినట్టు. ఆలోచనలో పడితే మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేస్తాను.

అందం సంగతి అసలు లేకుండానే గొప్పగా నిలిచిన వస్తువులూ ఉన్నాయి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పడే భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు. నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ వరసగా తిప్పి చుట్టడాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. 1999లో యంత్రం సిద్ధమైంది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం రంగేమిటని నేతగాళ్లెవరైనా అడిగి ఉంటారని నేననుకోను. వస్తువు అంత పెద్ద బాధను తీరుస్తుంటే టేస్టు గురించి మాట్లాడటం అనవసరం. మన కూలర్లు, బీరువాలు ఆ కోవలోవి కావు. పక్క షాపులో అలాంటివే ఇంకో పది ఉంటాయి. అందుకే మనకు అందం అంత అవసరం.

మరి సొంత టేస్టుకు చోటెక్కడ? పని, ఖర్చు, మన్నిక, ఇంటివాళ్లకు ఆ వస్తువు అర్థం, ఇవన్నీ చూశాక కూడా రెండు మూడు దారులు మిగులుతాయి. రేకు మూలను ఎంత గుండ్రంగా వంచాలి, పట్టీకీ పట్టీకీ మధ్య ఎంత ఖాళీ, రెండు ఐవరీలలో ఏ ఐవరీ. ఇక్కడ ఎవరి మాటా వినకండి, మొండికేయండి. ఇక్కడ పదిమందిని అడిగితే వస్తువుకు ముఖం ఉండదు. మీరన్నారే, డిజైనర్ ఎందుకని, ఇదిగో ఇందుకు. నేను ఒక మూల వంపు కోసం డై (రేకును వంచే అచ్చు) రెండోసారి చేయించి సేటు చేత తిట్లు తిన్నాను. ఎవరూ ఆ వంపును మెచ్చుకోలేదు. పిల్లల మోకాళ్లకు దెబ్బలు మాత్రం తగ్గాయి.

టేస్టు అడుగుపెట్టకూడని చోట్లూ ఉన్నాయి. స్విచ్ గుర్తులు, హెచ్చరికలు, అంకెలు, కరెంటు దగ్గర్లో ఉన్న ఏదైనా. ఒకసారి రెగ్యులేటర్ చుట్టూ బూడిద రంగు మీద బూడిద రంగు సన్నటి అంకెలు వేయించాను, ఎంత నాజూగ్గా ఉందో అనుకుంటూ. ఒక పెద్దాయన ఫోన్ చేసి "బాబూ, అర్ధరాత్రి దీన్ని తగ్గించాలంటే లైటు వేసి అందరినీ లేపాల్సి వస్తోంది" అన్నాడు. నల్లటి లావు అంకెలు వేసి పంపించాం. ఏం, అవీ బాగానే ఉన్నాయి.

ఇక సేటు విషయం. "టేస్టు లేదు" అన్న మాట నోటి నుంచి రానివ్వకండి, ఆయన మీకన్నా ఎక్కువ కూలర్లు అమ్మారు. ఒకటి మీది, ఒకటి ఆయనది, ఇంకోటి ఈ మాటలన్నీ విన్నాక మీరు మళ్లీ గీసేది, మూడు పీసులు చేయించండి. స్టిక్కరుకు ఎంత, పట్టీకి ఎంత, రెండో కోటింగుకు ఎంత అయిందో పక్కన రాసిపెట్టండి. ఫిబ్రవరిలో షాపు ముందు పది రోజులు పెట్టి, మీరు పక్కన కూర్చుని ఎవరు దేన్ని ముట్టుకుంటారో చూడండి. జనం నోటితో ఒకటి చెబుతారు, చేత్తో ఇంకోదాన్ని తడుముతారు. చేతినే నమ్మండి. బంగారు పట్టీ గెలిస్తే దాన్ని బాగా చేయడం మీ పని. ఎంత వెడల్పు, ఏ బంగారం, ఎక్కడ ఆపాలి. నా అనుభవంలో ఆ పట్టీని మూడో వంతు సన్నగా చేస్తే ఇద్దరూ రాజీపడతారు.

అన్నట్టు మీరు పెట్టిన బొమ్మలో నీళ్లు పోసే మూత పైన, వెనకవైపు ఉంది. ముందు భాగం శుభ్రంగా ఉండాలనే అలా పెట్టారని అర్థమైంది. కానీ కూలర్‌ను కిటికీకి ఆనించి పెడతారు. సాయంత్రం బిందెతోనో బకెట్‌తోనో నీళ్లు పోసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ ఎత్తుకు నిండు బకెట్ ఎత్తగలరో లేదో మీ ఇంట్లో అమ్మగారి చేత ఒకసారి పోయించి చూసి, ఆ మూతను ఎక్కడికి మార్చారో ఇక్కడే రాయండి. రంగు గురించి తర్వాత మాట్లాడుకుందాం.